ఆసనానికీ మోతాదు ఉంది

సంపాదకులకు,

జూన్ 21 దగ్గర పడితే చాలు, పత్రికల్లో రెండు శీర్షికలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకదాంట్లో ఆసనాల బొమ్మలు, ఇంకోదాంట్లో కషాయాల చిట్కాలు. ఆసనాలు రాసేవారు తిండి సంగతి ఎత్తరు, కషాయాలు రాసేవారు ఒళ్లు వంచే సంగతి ఎత్తరు. యోగా, ఆయుర్వేదం అక్కాచెల్లెళ్లని మాత్రం ఇద్దరూ ఆఖర్న తప్పకుండా రాస్తారు. ఆ చుట్టరికం ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ కలపకపోవడం వల్ల జనం ఇబ్బంది పడుతున్నారో చెప్పడానికే ఈ ఉత్తరం.

తేదీతోనే మొదలుపెడదాం. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేశాక 2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం జరుగుతోంది. 2025లో విశాఖ సాగరతీరాన లక్షల మంది ఒకేసారి చాపలు పరిచారు. ఆ తేదీకి మనకు మృగశిర కార్తె ముగిసి ఆరుద్ర వస్తుంటుంది. ఈ రోజుల గురించి ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు తన అష్టాంగహృదయంలో, ఏ ఋతువులో ఎలా ఉండాలో చెప్పే ఋతుచర్య అధ్యాయంలో ఒక్క ముక్కలో తేల్చేశాడు: ఒంటి బలం చలికాలంలో ఎక్కువ, గ్రీష్మ వర్ష ఋతువుల్లో తక్కువ, మిగతా రెండు ఋతువుల్లో మధ్యస్థం. వానలు మొదలయ్యేసరికి జఠరాగ్ని, అంటే తిన్నది అరిగించే శక్తి కూడా మందగిస్తుందని అదే అధ్యాయం చెబుతుంది. అంటే ఏడాది మొత్తంలో సత్తువ, ఆకలి రెండూ తక్కువగా ఉన్నప్పుడు కొత్తవాళ్లంతా ఉత్సాహంగా యోగా మొదలుపెడుతున్నారు. మొదలుపెట్టడం తప్పేమీ లేదు. మొదటి వారంలోనే 108 సూర్యనమస్కారాల పందెం కట్టడం దగ్గరే వస్తుంది చిక్కంతా. జూలై మొదటి వారానికి నడుం పట్టేస్తుంది, చాప అటకెక్కుతుంది.

వ్యాయామానికి ఆయుర్వేదం చెప్పిన కొలత ‘అర్ధశక్తి’. బలంగా ఉండి, నెయ్యి నూనె తగినంత తినేవారు సైతం చలికాలంలో, వసంతంలో తమ శక్తిలో సగం వరకే చేయాలి. తక్కిన కాలాల్లో అంతకన్నా తక్కువ. సగం అయిందని తెలిసేదెలా? గుండె దగ్గర ఉన్న వాయువు నోటికి వచ్చినప్పుడు అని మరో ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు గుర్తు చెప్పాడు. మామూలు మాటల్లో చెప్పాలంటే ముక్కుతో తీసే ఊపిరి చాలక నోరు తెరుచుకున్న క్షణం. నుదుటి మీద, ముక్కు మీద, చంకల్లో చెమట పట్టడం, నోరు ఎండిపోవడం కూడా అదే గుర్తు. లెక్కతో పని లేదు. ఒకరికి అది నాలుగో సూర్యనమస్కారంలో వస్తుంది, ఇంకొకరికి పదిహేనో దాంట్లో. నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవారు ఆరుద్ర కార్తెలో నిదానంగా నాలుగు చేసి, వారానికొకటి చొప్పున పెంచుకుంటూ పోతే కార్తీకం వచ్చేసరికి పన్నెండుకు పైగా సునాయాసంగా చేస్తారు.

ఇక్కడే శిబిరాల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. వేగంగా సూర్యనమస్కారాలు చేయించి, ఆయాసం తగ్గకముందే కూర్చోబెట్టి ‘ఊపిరి బిగబట్టండి’ అంటారు. ఆపకూడని వేగాలు, అంటే ఒంటికి సహజంగా వచ్చే తొందరలు, పదమూడింటిని ఆయుర్వేదం జాబితా కట్టింది. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, నిద్ర లాంటివాటితో పాటు అందులో ‘శ్రమశ్వాస’ కూడా ఉంది. శ్రమ వల్ల వచ్చిన ఆయాసాన్ని అణిచిపెడితే గుల్మం (పొట్టలో గడ్డ), హృద్రోగం, సమ్మోహం (స్పృహ తప్పడం) వస్తాయని వాగ్భటుడు హెచ్చరించాడు. ఊపిరి బిగబట్టే కుంభకానికి కూర్చునే ముందు శవాసనంలో కనీసం ఐదు నిమిషాలు ఉండాలి. నాడి మామూలు స్థితికి వచ్చిందని మణికట్టు పట్టుకుని చూసుకున్నాకే ప్రాణాయామం. కొత్తవాళ్లకైతే మొదటి మూడు నెలలూ కుంభకమే అక్కర్లేదు.

తర్వాతి సంగతి అరుగుదల. తెల్లవారుజామున లేవడం గురించి అందరూ చెబుతారు. బ్రాహ్మీ ముహూర్తం అంటే సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగిసే సమయం. అప్పుడు లేవమని చెప్పే శ్లోకంలోనే, అష్టాంగసంగ్రహం అనే ఆయుర్వేద గ్రంథంలో, ఇంకో షరతు ఉంది: ‘జీర్ణాజీర్ణం నిరూపయన్’, రాత్రి తిన్నది అరిగిందో లేదో చూసుకుని మరీ లేవాలి. రాత్రి పదింటికి బిర్యానీ తిని నాలుగున్నరకు అలారం పెట్టుకునేవారికి ఈ శ్లోకం ఎవరూ వినిపించరు. లేవగానే అద్దంలో నాలుక చూసుకోండి. తెల్లగా, మందంగా పూత ఉందా? రాత్రి కూర వాసనతో తేన్పు వస్తోందా? ఒళ్లు బరువుగా ఉందా? ఈ మూడింటిలో రెండు ఉంటే ఆ పూట అజీర్ణమే. అలాంటి రోజు నూనె మర్దన పనికిరాదు, పొట్ట మీద ఒత్తిడి పెట్టే మయూరాసనం, ధనురాసనం పనికిరావు. అరగంట నడక, వెల్లకిలా పడుకుని పవనముక్తాసనం కాలికి ఐదుసార్లు, అంతే. అర లీటరు నీళ్లలో అర చెంచా శొంఠిపొడి వేసి ముప్పావు వంతు మిగిలేలా మరిగించి, గోరువెచ్చగా గుక్క గుక్కగా తాగాలి. ఆకలి వేసేదాకా టిఫిను జోలికి పోకూడదు. కడుపులో మంట, పుండు ఉన్నవారికి శొంఠి పడదు, జీలకర్ర నీళ్లు చాలు.

ఇదే పూట చాలామంది చేసే పని వేడినీళ్లలో తేనె, నిమ్మరసం పిండుకుని తాగడం. దానికి ఆయుర్వేదం పేరు పెట్టడమే విడ్డూరం. తేనెను వేడితో కలపవద్దని చరక, సుశ్రుత, వాగ్భటులు ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు. తాగదలచుకుంటే చల్లారిన నీళ్లలో కలుపుకోవాలి. లీటరు నీళ్లు గటగటా తాగి వెంటనే ముందుకు వంగితే ఆ నీళ్లు గొంతులోకే వస్తాయి. ఒక గ్లాసు చాలు, అదీ అభ్యాసానికి అరగంట ముందు. పూర్తి భోజనానికి, ఆసనాలకు మధ్య మూడు నాలుగు గంటలు, రెండు ఇడ్లీల్లాంటి తేలిక టిఫినుకైతే రెండు గంటలు ఎడం కావాలి. భోజనమయ్యాక వేయదగినది వజ్రాసనం ఒక్కటే, అదీ మోకాళ్లు బాగున్నవారికి.

నూనె, నలుగు మన ఇళ్లల్లో పండగలకే మిగిలాయి. వాగ్భటుడు దినచర్యలో రాసిన వరస చూస్తే ముందు అభ్యంగం (ఒంటికి నూనె పట్టించడం), తర్వాత వ్యాయామం, ఆపైన నలుగు, చివర స్నానం. దీపావళి తెల్లవారుజామున మనం పాటించేది వ్యాయామం తప్ప తక్కిన ఆ వరసే. నూనె కీళ్లను, కండరాలను మెత్తబరుస్తుంది. వ్యాయామం వేడి పుట్టిస్తుంది. పెసరపిండి, శనగపిండి కలిపిన నలుగు మిగిలిన జిడ్డును తీస్తుంది. అయితే ఈ వరసను ఇప్పటి రబ్బరు చాప మీద యథాతథంగా పెడితే అరచేతులు జారి మణికట్టు బెణుకుతుంది. రోజూ చేసేవారు రెండు చెంచాల గోరువెచ్చని నువ్వులనూనెను నడుముకు, మోకాళ్లకు, భుజాలకు పట్టించి, అరచేతులు, అరికాళ్లు పొడిగుడ్డతో తుడుచుకుని చాప ఎక్కాలి. ఒళ్లంతా పట్టించే తలంటు వారానికోసారి ఆసనాలు లేని రోజు పెట్టుకుంటే సరి. రోజూ తప్పకుండా నూనె అందాల్సిన చోట్లు తల, చెవులు, పాదాలు. వేడినీళ్లు మెడ కింది నుంచే పోసుకోవాలి, తలకు వేడినీళ్లు జుట్టుకూ కళ్లకూ మంచివి కావు. జలుబు, దగ్గు, కఫం పట్టి ఉన్నప్పుడు అభ్యంగం అసలు వద్దు.

ఈ రెండు శాస్త్రాలు ఒకదానికొకటి ఎలా ఆసరా అవుతాయో చూడాలంటే మోకాలి నొప్పిని మించిన ఉదాహరణ లేదు. యాభై దాటినవారున్న ఇంట్లో దాదాపు ఒకరికైనా ఉంటుంది. నూనె రాస్తే నాలుగైదు గంటలు హాయిగా ఉంటుంది, మళ్లీ మామూలే. ఎందుకంటే తొడ ముందు కండరం బలహీనంగా ఉన్నంతకాలం నడిచిన ప్రతి అడుగు బరువూ కీలు మీదే పడుతుంది, నూనె కండరాన్ని పెంచదు. పోనీ వ్యాయామమే చేద్దామంటే బిగుసుకుపోయిన కీలు మొదటి రోజే మొరాయిస్తుంది. రెండూ కలిపితేనే పని జరుగుతుంది. మహానారాయణ తైలం గానీ, మామూలు నువ్వులనూనె గానీ మోకాలికి రెండు చెంచాలు తీసుకుని, గిన్నెను వేడినీళ్లలో పెట్టి వెచ్చచేయాలి. పొయ్యి మీద నేరుగా కాచకూడదు. మోకాలిచిప్ప చుట్టూ గుండ్రంగా, తొడ మీద, పిక్క మీద పొడుగ్గా పది నిమిషాలు రాయాలి. తర్వాత రాళ్లుప్పు మూటను పెనం మీద వేడిచేసి, ముందు చేతి వెనకవైపు ఆనించి చూసుకుని, పది నిమిషాలు కాపడం. మధుమేహంతో పాదాలకు, కాళ్లకు స్పర్శ తగ్గినవారు కాపడం పెట్టకూడదు, చర్మం కాలినా తెలియదు. అది అయ్యాక గోడకు ఆనుకుని కాళ్లు చాపి దండాసనంలో కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, చిప్పను తొడవైపు లాగినట్టు బిగించి ఐదు సెకన్లు ఉంచి వదలాలి. కాలికి పదిసార్లు. ఆపైన సేతుబంధాసనం ఐదుసార్లు, గోడ పట్టుకుని తాడాసనం మూడుసార్లు. మొత్తం నలభై నిమిషాలు, వారానికి ఐదు రోజులు, కనీసం ఆరు వారాలు. వజ్రాసనం, పద్మాసనం, గొంతుకూర్చునే మాలాసనం ఈ ఆరు వారాలూ మూలన పెట్టాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. కీలు ఎర్రగా, వేడిగా వాచి ఉంటే, లేదా పొద్దున్నే గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోయి, వేళ్ల కణుపుల్లో కూడా నొప్పి ఉంటే అది అరుగుదల నొప్పి కాకపోవచ్చు. ఆయుర్వేదం దాన్ని ఆమవాతం అంటుంది. ఆమం, అంటే సరిగా అరగక మిగిలిన మలినం, ఉన్న కీలుకు నూనె రాస్తే వాపు, నొప్పి పెరుగుతాయి. అక్కడ నూనె కాపడం బదులు ఇసుక మూటతో పొడి కాపడం చెప్పారు. కానీ ముందు చేయాల్సింది రక్తపరీక్షలు. కీళ్లవాపు జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అయితే మందులు ఆలస్యమైనకొద్దీ కీలు వంకర తిరుగుతుంది, ఆ వంకరను ఏ తైలమూ, ఏ ఆసనమూ సరిచేయలేవు.

పొట్టను లోపలికి కొడుతూ ముక్కుతో గాలిని వేగంగా ఊదే కపాలభాతి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. టీవీ చూస్తూ పది పదిహేను నిమిషాలు ఆపకుండా పొట్ట కొట్టుకునేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. హఠయోగానికి మూల గ్రంథాల్లో ఒకటైన హఠయోగ ప్రదీపికలో కపాలభాతి ప్రాణాయామాల జాబితాలో లేదు, ధౌతి, బస్తి, నేతి, త్రాటకం, నౌలితో పాటు షట్కర్మల్లో, అంటే ఆరు శుద్ధి క్రియల్లో ఉంది. ఎవరికి అన్నది అదే గ్రంథం చెప్పింది: మేదస్సు, శ్లేష్మం అధికంగా ఉన్నవారు ముందు షట్కర్మలు చేయాలి, దోషాలు సమంగా ఉన్న తక్కినవారు చేయకూడదు. చూడండి, యోగ గ్రంథమే ఆయుర్వేదపు త్రిదోషాలను (వాతం, పిత్తం, శ్లేష్మం అనే కఫం) కొలబద్దగా పెట్టుకుంది! ముక్కు దిబ్బడ, బరువు, బద్ధకం ఉన్నవారికి 20 ఊదుళ్ల చొప్పున మూడు ఆవృత్తులు, మధ్యలో అర నిమిషం విరామం మంచి మోతాదు. బక్కపల్చగా, నిద్ర సరిగా పట్టని మనిషి అదే పని పది నిమిషాలు చేస్తే వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. వేగంగా ఊదడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు మరీ తగ్గిపోయి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాన్ని ‘శక్తి ప్రవహిస్తోంది’ అని సంబరపడేవారూ ఉన్నారు. రక్తపోటు అదుపులో లేనివారు, గుండెజబ్బు, గ్లకోమా, హెర్నియా, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు, పొట్ట ఆపరేషను అయినవారు దీని జోలికి పోకూడదు. గుండెల్లో పుల్లటి మంట ఉన్నవారికి అది ఇంకా ఎగదన్నుతుంది.

ప్రాణాయామాలకూ ఇలాంటి పంపకమే ఉంది. ప్రదీపిక ప్రకారం సూర్యభేదనం వాతదోషాన్ని, ఉజ్జాయి శ్లేష్మాన్ని తగ్గిస్తాయి, నాలుకను గొట్టంలా చుట్టి నోటితో గాలి పీల్చే శీతలి పిత్తాన్ని, దప్పికను తగ్గిస్తుంది. మే నెల రామగుండం ఎండలో సాయంత్రం పూట శీతలి పది ఆవృత్తులు చేస్తే హాయి. పుష్యమాసపు మంచులో, దగ్గు ఉబ్బసం ఉన్నవారు అదే చేస్తే మంచం ఎక్కుతారు, నోటితో తీసే గాలిని ముక్కు వెచ్చచేయదు, వడకట్టదు. ఏది తమకు అని తెలుసుకోవడానికి సెల్‌ఫోనులో పది ప్రశ్నల పరీక్ష రాసి ‘నాది పిత్త ప్రకృతి’ అని తేల్చుకోవడం ఇప్పటి సరదా. ప్రకృతి పుట్టుకతో వచ్చేది. ఇవాళ ఏ అభ్యాసం చేయాలో నిర్ణయించేది ఇవాళ్టి ఆకలి, నిద్ర, విరేచనం, ఋతువు. పిత్త ప్రకృతి మనిషికైనా జలుబు చేసిన రోజు శీతలి వద్దు.

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కునే జలనేతి మీద రెండు మాటలు. అర లీటరు నీళ్లు బాగా మరిగించి గోరువెచ్చగా చల్లార్చాలి. కుళాయి నీళ్లు, బావి నీళ్లు నేరుగా వాడకూడదు, ముక్కు గుండా మెదడుకు పాకే అమీబా అరుదైనదే గానీ ప్రాణాంతకం. ముప్పావు చిన్నచెంచా ఉప్పు వేస్తే మన కన్నీటికి దగ్గరి ఉప్పదనం వస్తుంది, తక్కువైనా ఎక్కువైనా ముక్కు చుర్రుమంటుంది. చేసేవారు చాలామంది విడిచిపెట్టేది ఆఖరి మెట్టు, ముక్కు ఆరబెట్టుకోవడం. ముందుకు వంగి, తల కుడికి ఎడమకు తిప్పుతూ, రెండు రంధ్రాలూ తెరిచే ఉంచి మెల్లగా పది పది సార్లు ఊదాలి. ఒక రంధ్రం మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవిలోకి పోయి చీము పడుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఆ వెంటనే ముక్కులో వేసుకునే అణుతైలం వేసుకోవద్దు, తడి మీద నూనె పట్టదు. సాయంత్రం ఒక్కో రంధ్రంలో రెండేసి చుక్కలు వేసుకుంటే లోపలి పొర ఎండిపోదు.

రెండు శాస్త్రాల్లోనూ శుద్ధి క్రియలు ఉన్నాయి కాబట్టి రెండూ కలిపేస్తే ఇంకా శుభ్రమవుతామన్న భ్రమ ఒకటి ప్రబలింది. వైద్యుడు విరేచనం చేయించిన వారంలోనే శిబిరానికి వెళ్లి ఉప్పునీళ్లు తాగి పేగులు కడిగే శంఖప్రక్షాళన చేసుకుంటే లవణాలు పోయి కాళ్లు లాగేస్తాయి, ముసలివారికి, మూత్రపిండాల జబ్బు, రక్తపోటు ఉన్నవారికి అంతకన్నా ప్రమాదం. పంచకర్మ అంటే వమనం (కక్కించడం), విరేచనం, రెండు రకాల బస్తి (ఎనిమా), నస్యం (ముక్కులో మందు వేయడం). వాటికి ముందు రోజుల తరబడి స్నేహపానం (ఔషధపు నెయ్యి తాగడం), తర్వాత మూడు నుంచి ఏడు రోజులు జావతో మొదలుపెట్టి మెల్లగా అన్నానికి వచ్చే సంసర్జన క్రమం ఉంటాయి. ఆ రోజుల్లో ఆసనాలు దాదాపు బంద్, శవాసనం, నెమ్మదైన శ్వాస తప్ప. ‘ఒక్క రోజులో పంచకర్మ, పవర్ యోగా’ అన్న బోర్డు కనిపిస్తే అక్కడ రెండూ లేవని అర్థం.

ఇంగ్లిషు మందులు వాడేవారి సంగతి వేరేగా చెప్పాలి. మధుమేహానికి ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి తీసుకునేవారు పరగడుపున గంటసేపు ఆసనాలు వేస్తే చక్కెర పడిపోవచ్చు. చేతులు వణికి, చల్లటి చెమట పడితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు అశ్వగంధను సొంతంగా మొదలుపెట్టకూడదు, అది థైరాయిడ్ హార్మోనును పెంచగలదు. అతిమధురం రోజూ నమిలితే రక్తపోటు పెరిగి, పొటాషియం తగ్గుతుంది. సీసా మీద లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ లేని మందు ఎంత దగ్గరివారు ఇచ్చినా వద్దు. పేరులో భస్మం, రసం, సింధూరం ఉంటే అందులో లోహాలో పాదరసమో ఉండవచ్చు, వైద్యుడి చీటీ లేకుండా ముట్టకూడదు. మధుమేహం సమూలంగా పోతుందన్న ప్రకటన వేయడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి ప్రకటనలు పత్రికల్లోనూ కనిపిస్తున్నాయని సంపాదకులకు గుర్తుచేయడం మా బాధ్యత.

ఇంతదాకా ఆయుర్వేదం యోగాకు ఇచ్చేదే చెప్పాం. తిరిగి ఇచ్చేది చిన్నదేమీ కాదు. పతంజలి యోగసూత్రాల్లో సాధనకు అడ్డొచ్చే తొమ్మిదింటిలో మొదటిది వ్యాధి. ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం దానికి ఇచ్చిన అర్థం ధాతువుల, రసాల, ఇంద్రియాల వైషమ్యం, అచ్చంగా వైద్యుడి మాట. చరకుడు రోగాలకు చెప్పిన పెద్ద కారణాల్లో ఒకటి ప్రజ్ఞాపరాధం, తప్పని తెలిసీ చేయడం. రాత్రి పెరుగు, పన్నెండింటి దాకా సెల్‌ఫోను, ఆకలి లేకపోయినా రెండో వడ్డింపు. దీనికి చూర్ణం లేదు. తెలిసినదాన్ని చేసే నిలకడ ఒంటికి అలవాటు చేసేది రోజూ ఒకే వేళకు, ఒకే చోట వేసే చాప. పడుకోబోయే ముందు అరికాళ్లకు ఒక చెంచా నువ్వులనూనె రాసి, తుడిచి, కూర్చుని పది నిమిషాలు నాడీశోధన (ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీయడం) చేస్తే నిద్రమాత్ర అవసరం కొందరికి వాయిదా పడవచ్చు. ఇప్పటికే మాత్ర వాడుతున్నవారు మాత్రం వైద్యుడితో మాట్లాడి క్రమంగానే తగ్గించుకోవాలి.

ఆయుర్వేద వైద్య డిగ్రీ అయిన బీఏఎంఎస్ చదువులో స్వస్థవృత్తం (ఆరోగ్యంగా ఉండే నియమాలు), యోగా కలిపి ఒకే సబ్జెక్టు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విజయవాడ, వరంగల్, తిరుపతి ఆయుర్వేద కళాశాలల్లో ఆ పాఠం చెప్పేవారు ఉన్నారు. మీ ఆరోగ్య పేజీలో ఆసనం బొమ్మ వేసే ముందు వారిలో ఒకరికి చూపించి, బొమ్మ కింద మూడు పంక్తులు అదనంగా అచ్చు వేయమని మనవి: ఎవరు వేయకూడదు, తిన్నాక ఎంతసేపటికి, ఏ ఋతువులో ఎంతసేపు. సర్వాంగాసనం బొమ్మ కిందైతే మొదటి పంక్తి ‘రక్తపోటు, మెడ ఎముకల అరుగుదల, గ్లకోమా ఉన్నవారు వేయకూడదు’ అని ఉండాలి.

ఇట్లు,
ఒక ఆయుర్వేద వైద్యుడు, ఒక యోగా శిక్షకురాలు
రాజమహేంద్రవరం